మొదటి దెబ్బ ఎక్కడికి పోయింది?

చిన్నూకీ, బుజ్జమ్మకీ తాతయ్య ఆశీస్సులు.

“ఆ జమైకా పిల్ల పాటలో డ్రమ్ము కొట్టేవాడు మొదటి దెబ్బ ఎందుకు ఎగ్గొడుతున్నాడు?” అని అడిగారు. ఎగ్గొట్టడం కాదర్రా, రెగే అనే ఆ జమైకా సంగీతం నడకే అంత. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టండి. ఒకటి దగ్గర పెద్ద డ్రమ్ము నోరు మెదపదు. మూడు దగ్గర దబ్బున దిగుతుంది. రెండు, నాలుగు దగ్గర గిటారు ‘చక్’మని మోగి ఆగిపోతుంది. దీన్ని అక్కడివాళ్లు ‘వన్ డ్రాప్’ అంటారు.

మా పెరట్లో అమ్మా, మేనత్తా ఒకే రోట్లో చెరో రోకలితో వడ్లు దంపేవాళ్లు. అమ్మది లేస్తుంటే అత్తది దిగేది. వరస తప్పితే రోకళ్లు రెండూ గుద్దుకుని పొన్నులు ఠంగుమనేవి. అంచులకెక్కిన గింజల్ని మధ్యలో చెయ్యిపెట్టి ఎగదోయడం నా పని. ఎంత సందు దొరుకుతుందో నా వేళ్లకే తెలుసు! అమ్మ రోకలి డ్రమ్ము అనుకోండి, అత్తది గిటారు. పాడే పిల్ల? నాలాంటిదే. ఆ సందులోనే మాటలు ఎగదోస్తుంది.

మీరు వినే పిల్ల పేరు కాఫీ. అసలు పేరు మికేలా సింప్సన్, 2000లో జమైకాలోని స్పానిష్ టౌన్‌లో పుట్టింది. బళ్లో ఓ ఎండరోజు అందరూ కూల్ డ్రింకులు తాగుతుంటే తను కాఫీ అడిగిందట, పేరు అలా అంటుకుంది. చర్చిలో పాడింది, పన్నెండేళ్లకి గిటారు సొంతంగా నేర్చుకుంది. 2017లో పరుగుల వీరుడు ఉసేన్ బోల్ట్ మీద పాట కట్టి గిటారు మీటుతూ వీడియో పెడితే, ఆయనే దాన్ని పదిమందికీ చూపించాడు. ‘రాప్చర్’ అనే ఐదు పాటల రికార్డుకి 2020 జనవరిలో గ్రామీ అనే అమెరికా సంగీత బహుమతి వచ్చింది. అప్పటికి ఇరవై నిండలేదు! రెగే ఆల్బమ్ బహుమతి అంత చిన్న వయసులో ఎవరికీ రాలేదు, సోలో గాయనుల్లో ఆమే మొదటిది. గిటారు ఆడపిల్లకెందుకు అనేవాళ్లు ఎవరైనా కనిపిస్తే ఈ ముక్క చెప్పండి.

ఆమె పాటలన్నీ ఈ వన్ డ్రాప్ నడకలో ఉండవు. ‘టోస్ట్’ డాన్స్‌హాల్ అనే హుషారైన జమైకా చిందుల సంగీతం వైపు జోరుగా పోతుంది. టోస్ట్ అంటే గ్లాసు ఎత్తి తాగడం కదా అని తాగుడు పాట అనుకునేరు, దక్కినదానికి దణ్ణం పెట్టుకునే పాట అది. ఇంకోదాంట్లో తుపాకుల మధ్య పెరిగే కుర్రాళ్ల గోడు ఉంది. నాకు అదే ఎక్కువ నచ్చింది.

డ్రమ్ము మూగగా ఉన్న ఆ ఒకటి దగ్గరే ఒళ్లు ఎందుకు ఊగుతుందో నాకూ చెప్పడం చేతకాదు. జమైకా రెగే గాయకుడు బాబ్ మార్లే 1979లో ‘వన్ డ్రాప్’ అనే పాటే పాడాడు, కార్ల్‌టన్ బారెట్ డ్రమ్ము. అది పెట్టుకోండి. చిన్నూ, నువ్వు మూడు దగ్గర మాత్రమే కాలు నేలకెయ్యి. బుజ్జమ్మ రెండుకీ నాలుగుకీ చప్పట్లు. ఎవరు ముందు తప్పారో ఆదివారం ఫోన్లో చెప్పండి, దొంగ లెక్కలు వద్దు.

మీ తాతయ్య