వేక్‌బోర్డింగ్ పోటీలు: ఏ డివిజన్‌లో దిగాలి? అపోహలు - వాస్తవాలు

డాలస్‌కి ఉత్తరాన, లేక్ లూయిస్‌విల్ చుట్టూ ఉన్న ఊళ్లలో ఇప్పుడు మనవాళ్లు చాలామంది ఉంటున్నారు. పిల్లలు స్నేహితుల బోటులో సరదాగా వేక్‌బోర్డ్ ఎక్కుతారు. రెండు వేసవులు గడిచేసరికి అల మీద నుంచి ఎగరడం వచ్చేస్తుంది. అప్పుడు నాకు ఫోన్ వస్తుంది: "అక్కా, ఏదో పోటీ ఉందట, మావాడి పేరు ఇవ్వాలి. ఫారంలో డివిజన్ అని అడుగుతున్నారు. ఏం రాయమంటావు?"

నేను పుట్టి పెరిగింది రాజమండ్రిలో. ఇక్కడికి వచ్చాక ఈ ఆటలో పడ్డాను. పన్నెండేళ్లుగా బోర్డు మీద ఉన్నాను, ఆరేళ్లుగా అమెచ్యూర్ పోటీలకు జడ్జిగా బోటులో కూర్చుంటున్నాను. ఆ ఫోన్లలో ఎక్కువగా వినపడే మాటలకే ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. బోటు లాగుతుంటే, తాడు పట్టుకుని, రెండు కాళ్లూ ఒకే బోర్డుకి బిగించుకుని నీటి మీద జారడం వేక్‌బోర్డింగ్. బోటు వెనక రెండు పక్కలా లేచే అలనే వేక్ అంటారు. ఆ అంచు మీద నుంచి గాల్లోకి లేచి ట్రిక్కులు వేయాలి. పోటీలో బోయలతో, అంటే నీటి మీద తేలే గుర్తులతో, హద్దు పెట్టిన దారిలో బోటు ఒకసారి వెళ్లి, మళ్లీ వెనక్కి వస్తుంది. ఒక్కో దాన్ని పాస్ అంటారు. ఆ రెండు పాసులూ కలిపితే ఒక రన్, అందులో చేసిందే లెక్కలోకి వస్తుంది.

అపోహ: బిగినర్, నోవిస్ అంటే మొన్న మొన్న బోర్డు ఎక్కినవాళ్లకే. మావాడు మూడేళ్లుగా ఆడుతున్నాడు కాబట్టి పై డివిజన్‌లో వేయాలి.

ఎన్నేళ్లుగా ఆడుతున్నారు అన్నది ఎవరూ అడగరు. నీటి మీద ఏం వేసి నిలబడగలరు అన్నదే అడుగుతారు. అమెరికాలో అమెచ్యూర్ లీగుల్లో మామూలుగా కనిపించే మెట్లు ఇవి: బిగినర్, నోవిస్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్, అన్నిటికన్నా పైన అవుట్‌లా. పేర్లు, హద్దులు లీగుని బట్టి కొంచెం మారతాయి కానీ వరస ఇదే.

నేను చూసే పోటీల్లో ఈ మెట్లు ఎలా ఉంటాయో చెప్తాను. పడకుండా లేచి, వేక్ దాటి అటూ ఇటూ వెళ్లి, నీటి మీదే బోర్డుని 180 డిగ్రీలు తిప్పగలిగి, చిన్నగా ఎగరగలిగితే బిగినర్. ఒక వేక్ అంచు మీద లేచి రెండో దాని అవతల దిగడం, అంటే వేక్ టు వేక్, అప్పుడప్పుడూ కుదురుతుంటే నోవిస్. అదే జంప్ రెండు వైపుల నుంచీ వచ్చి, గాల్లో 180 తిరిగి, బోర్డుని చేత్తో పట్టుకునే గ్రాబ్ కూడా కలిస్తే ఇంటర్మీడియట్. తలకిందులుగా తిరిగే ట్రిక్కులు, వీటిని ఇన్వర్ట్స్ అంటారు, చేతిలో నమ్మకంగా ఉంటే అడ్వాన్స్‌డ్. ట్యాంట్రమ్, బ్యాక్‌రోల్ లాంటివి ఈ కోవలోవి. ఇన్వర్ట్‌లోనే మళ్లీ 360 కలిపేవాళ్లు అవుట్‌లాకి వెళ్తారు. కింది డివిజన్లలో చాలాచోట్ల ఇన్వర్ట్స్ వేయనివ్వరు, లేదా వేస్తే మార్కులు ఇవ్వరు. ఫారం నింపే ముందు ఆ లీగు రూల్ బుక్‌లో ఈ ఒక్క పేజీ అయినా చదవండి.

డివిజన్ తేల్చుకోవడానికి పిల్లల్ని నేను ఒకటే అడుగుతాను: "ఈ ట్రిక్ పదిసార్లు వేస్తే ఎన్నిసార్లు నిలబడతావు?" ఏడు అంటే ఆ ట్రిక్ వచ్చినట్టు. మూడు అంటే ఇంకా నేర్చుకుంటున్నట్టు. ఫోన్‌లో వీడియో ఉందని చాలామంది చూపిస్తారు. ఆ వీడియో తెల్లవారుజామున అద్దంలా ఉన్న నీటి మీద, ఇరవయ్యో ప్రయత్నంలో తీసింది కావచ్చు. పోటీ రోజు మధ్యాహ్నం గాలికి నీరు గరుకుగా ఉంటుంది, టెన్షన్ ఉంటుంది, అవకాశం ఒక్కటే ఉంటుంది.

అపోహ: ఒక మెట్టు కింద దిగితే కప్పు ఖాయం. అందులో తప్పేముంది?

తప్పుంది. దీనికి ఇక్కడ శాండ్‌బ్యాగింగ్ అని పేరు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

కొన్నేళ్ల కిందట ఒక కుర్రాడు నోవిస్‌లో పేరు ఇచ్చాడు. శుక్రవారం సాయంత్రం ప్రాక్టీసులో వాడు బ్యాక్‌రోల్ వేసి శుభ్రంగా నిలబడటం నా కళ్లతో చూశాను. శనివారం రన్‌లో మాత్రం వేక్ టు వేక్ జంపులు తప్ప ఇంకేం వేయలేదు. వచ్చింది దాచుకున్నాడు. గెలిచాడు. రెండో స్థానంలో వచ్చిన పాప ఆ వారమే మొదటిసారి వేక్ టు వేక్ దాటింది. గట్టుకి వచ్చి తల్లిని అడిగింది, "ఆ అన్నకి అవి ఎప్పట్నుంచో వచ్చుగా అమ్మా?" అని. నేను ఆ మాట వింటూ పక్కనే నిలబడ్డాను. జవాబు లేకపోయింది.

తర్వాతి పోటీకి నిర్వాహకులు ఆ అబ్బాయిని ఇంటర్మీడియట్‌కి మార్చారు. చాలా లీగుల్లో ఆ అధికారం వాళ్లకి ఉంటుంది. ప్రాక్టీసులో చూసినా, ముందటి ఫలితాలు చూసినా, అవసరమైతే రన్ అయిన వెంటనే కూడా పై డివిజన్‌కి మారుస్తారు. సీజన్‌లో గెలుస్తూ పోతే వచ్చే ఏడాది పైకి వెళ్లక తప్పదని రాసిపెట్టిన చోట్లు కూడా ఉన్నాయి. వాళ్ల నాన్న నా దగ్గరికి వచ్చి, "గెలిచినందుకు శిక్షా మేడం?" అని అడిగారు. శిక్ష కాదండీ, వాడు ఉండాల్సిన చోటే అది అని చెప్పాను. ఆ మాటకి ఆయన ఆ రోజు ఒప్పుకోలేదు.

నష్టపోయింది ఆ పాప ఒక్కతే కాదు, ఆ కుర్రాడు కూడా. వచ్చిన ట్రిక్కు వేయకుండా దాచుకున్న ఆ సీజనంతా వాడికి కొత్తగా ఏమీ రాలేదు. కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోవడానికి కప్పు కావాలన్న తొందర మన ఇళ్లలో ఉంది, నాకు తెలుసు. నాకూ పిల్లలున్నారు. అయినా ఇది వద్దు.

అపోహ: పెద్ద ట్రిక్ ఒక్కటి పడితే చాలు, మిగతావి ఎలా ఉన్నా గెలుస్తాం.

ఈ నమ్మకంతో ఓడిపోయినంత మంది ఇంకే కారణంతోనూ ఓడిపోవడం నేను చూడలేదు. ఒక్కో ట్రిక్‌కి ఇన్ని పాయింట్లు అని పట్టికలో చూసి కూడేది మామూలు వాటర్ స్కీయింగ్‌లోని ట్రిక్స్ పోటీలో. వేక్‌బోర్డింగ్‌లో జడ్జిలు రన్ మొత్తాన్ని చూసి మార్కు వేస్తారు. 1989లో మొదలైన వరల్డ్ వేక్‌బోర్డ్ అసోసియేషన్ పద్ధతిలో చూసేవి మూడు: ఎగ్జిక్యూషన్, ఇంటెన్సిటీ, కంపోజిషన్. స్థానిక పోటీలు కూడా ఎక్కువగా ఈ మూడింటినే పట్టుకుంటాయి.

ఎగ్జిక్యూషన్ అంటే ఎంత శుభ్రంగా వేశారన్నది. దిగేటప్పుడు చెయ్యి నీటికి తగిలిందా, వెనక్కి కూర్చుండిపోయారా, హ్యాండిల్ చెయ్యి జారబోయి పట్టుకున్నారా, ఇవన్నీ బోటులోంచి స్పష్టంగా కనిపిస్తాయి. ఇంటెన్సిటీ అంటే ఎత్తు, వేగం, తీసుకున్న రిస్కు. కంపోజిషన్ అంటే రకాలు, వాటి కూర్పు. ఒకే జంపుని నాలుగుసార్లు వేస్తే నాలుగోసారి నా కలం కదలదు.

హీల్‌సైడ్ నుంచి, అంటే ముఖం బోటు వైపు పెట్టి వచ్చి, ఒక జంప్. టోసైడ్ నుంచి, అంటే వీపు బోటు వైపు పెట్టి వచ్చి, ఒకటి. ఒక గ్రాబ్. ఒక 180, దిగాక కాళ్లు మారిన ఆ స్విచ్ స్థితిలోనే ఇంకో జంప్. ఇవన్నీ నిక్కచ్చిగా పడితే ఇంటర్మీడియట్‌లో బలమైన రన్ అది. అదే డివిజన్‌లో ఇంకొకరు 360 కోసం మూడుసార్లు ప్రయత్నించి, ఒకసారి ఎలాగో నిలబడి, రెండుసార్లు పడితే నా కాగితం మీద మొదటివారే పైన ఉంటారు. స్విచ్‌లో జారడం ప్రాక్టీసులో ఎవరికీ ఇష్టం ఉండదు. ఎడమ చేత్తో అన్నం తిన్నట్టు ఉంటుంది. కానీ కంపోజిషన్‌లో తేడా వచ్చేది అక్కడే.

అపోహ: పడితే రన్ అయిపోయినట్టే.

కాదు. బోటు తిరిగి వచ్చి మళ్లీ లేపుతుంది. ఎన్నో పడటంతో రన్ ఆగిపోతుందన్నది రూల్ బుక్‌లో ఉంటుంది. రెండోదో మూడోదో అయి ఉంటుంది, ఆ రోజు పొద్దున ఒకసారి అడిగి ఖాయం చేసుకోండి. మొదటి ట్రిక్కే మీకు బాగా వచ్చింది పెట్టుకోండి. మొదట్లోనే పడితే మిగతా రన్ అంతా ఆ భయంతోనే సాగుతుంది.

అపోహ: బోటు వేగం, తాడు పొడవు నిర్వాహకులు పెట్టిందే.

చెప్పాల్సింది రైడరే. బోటు బయల్దేరే ముందు డ్రైవర్ అడుగుతారు. పెద్దవాళ్లు సాధారణంగా గంటకి 18 నుంచి 24 మైళ్ల మధ్య అడుగుతారు, చిన్నపిల్లలు అంతకన్నా తక్కువ. లీగు ఏదైనా హద్దు పెడితే ఆ లోపల మీ ఇష్టం. తాడు పొడవు పెరిగేకొద్దీ వేక్ వెడల్పు పెరుగుతుంది, దాటడానికి ఎక్కువ ఊపు కావాలి. నేర్చుకునేవాళ్లు 50 అడుగుల దగ్గర ఆడుతుంటే, అనుభవం ఉన్నవాళ్లు 70 దాటి వెళ్తారు. పక్కవాడు పొడవు తాడు పట్టుకున్నాడని మీరూ అడిగితే, ఇంట్లో అలవాటైన జంప్ రెండో వేక్ నెత్తిన దిగి మోకాళ్లకి దెబ్బ అవుతుంది. మీ బోటులో ఏ వేగం, ఏ పొడవు అలవాటో చీటీ మీద రాసుకుని తీసుకెళ్లండి. "ఎంతైనా పర్లేదు అంకుల్" అని డ్రైవర్‌తో అనే మన పిల్లల మర్యాద ఇక్కడ పనికిరాదు.

అపోహ: ఈత బాగా వచ్చు, కాబట్టి లైఫ్ జాకెట్ పేరుకి ఉంటే చాలు.

నేను గోదావరిలో ఈత నేర్చుకున్నదాన్ని. అయినా చెప్తున్నాను, గంటకి 22 మైళ్ల వేగంలో బోర్డు అంచు నీటిలో ఇరుక్కుని ముఖం మీద పడితే ఒక క్షణం ఊపిరి ఆడదు, పైనా కిందా తెలియదు. ఆ క్షణంలో ఈత పనికిరాదు, జాకెట్టే పైకి తేవాలి. దుకాణాల్లో రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి అమెరికా కోస్ట్ గార్డ్ ఆమోదం ఉన్నది. ఇంకోటి కాంప్ వెస్ట్ అని పిలిచే సన్నటిది, దానికి ఆ ఆమోదం ఉండదు, తేలే బలం తక్కువ. లోపలి లేబుల్ చూస్తే తెలిసిపోతుంది. టెక్సస్‌లో 26 అడుగుల లోపు బోటు కదులుతున్నప్పుడు 13 ఏళ్ల లోపు పిల్లలు ఆమోదం ఉన్న జాకెట్ వేసుకునే ఉండాలన్నది చట్టం. పెద్ద రైడర్లు సన్నటిది వేసుకున్నారని మీ పిల్లలకి అది కొనకండి.

తల నీటికి గట్టిగా తగిలి, లేచాక మాట తడబడినా, కళ్లు నిలవకపోయినా, ఆ రోజుకి ఆట ఆపేయండి. రన్ ఇంకా మిగిలి ఉన్నా సరే. ఈ విషయంలో నేను ఏ తల్లిదండ్రులతోనూ బేరం ఆడను.

అపోహ: వయసు డివిజన్, నైపుణ్య డివిజన్ ఒకటే.

రెండూ వేరు. కొన్ని పోటీలు వయసుతో విడదీస్తాయి, కొన్ని నైపుణ్యంతో, కొన్ని రెండింటితో. వయసు లెక్కలో 30 దాటినవాళ్లకి మాస్టర్స్, 40 దాటినవాళ్లకి వెటరన్స్ అని ఉంటాయి. నలభైల్లో మొదలుపెట్టిన నాన్నలు, అమ్మలు వెటరన్స్ అన్న పేరు చూసి అదేదో పాత ఛాంపియన్లకి అనుకుని వెనక్కి తగ్గుతారు. తగ్గొద్దు. నోవిస్‌లో పిల్లల పక్కన పేరు ఇచ్చుకున్నా ఎవరూ ఏమీ అనరు.

అపోహ: ఆడపిల్లలకి మార్కులు తేలిగ్గా వేస్తారు. చూసేది అవే మూడు. డివిజన్ వేరుగా ఉండొచ్చు, కొలత వేరు కాదు.

అపోహ: కేబుల్ పార్కులో అడ్వాన్స్‌డ్ అయితే బోటు వెనకా అడ్వాన్స్‌డే.

కేబుల్ పార్కులో బోటు ఉండదు. స్తంభాల మీద తిరిగే తీగ లాగుతుంది, వేగం దాదాపు ఒకేలా గంటకి 30 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. లాగుడు పైనుంచి వస్తుంది. వెనక అల లేదు కాబట్టి కిక్కర్లు అనే ర్యాంపులు, పట్టాల్లాంటి రెయిళ్ల మీద ట్రిక్కులు వేస్తారు. గట్టి వస్తువుల మీద ఎక్కుతారు కాబట్టి అక్కడ హెల్మెట్ లేకుండా దింపరు. అక్కడ బాగా ఆడే కుర్రాళ్లు బోటు వెనక మొదటి నెలంతా వేక్ ఎక్కే టైమింగ్ కోసం తంటాలు పడతారు. ఇటు నుంచి అటు వెళ్లినా అంతే. డివిజన్‌ని రెండు చోట్లా విడివిడిగా ఎంచుకోండి.

అపోహ: ఫలితం నచ్చకపోతే జడ్జిని నిలదీయొచ్చు.

మార్కుల కూడికలో తప్పుంటే, పాస్ ఒకటి లెక్కలోకి రాకపోతే, వేరే రైడర్ మార్కు మీకు పడితే వెంటనే చీఫ్ జడ్జి దగ్గరికి వెళ్లండి. సరిచేస్తారు. ఫలానా జంప్‌కి ఇంకో రెండు మార్కులు రావాల్సింది అన్నది మాత్రం ఫిర్యాదుగా తీసుకోరు. అయినా వచ్చి అడగండి, ఫిర్యాదుగా కాకుండా. రన్ గుర్తుండగా అడిగితే ఎక్కడ చెయ్యి నీటికి తగిలిందో, ఏ జంప్ మళ్లీ మళ్లీ వచ్చిందో నేను కాగితం చూసి చెప్తాను. పిల్లలు స్వయంగా వచ్చి అడిగితే ఇంకా వివరంగా చెప్తాను.

అపోహ: పొద్దున జరిగే రైడర్స్ మీటింగ్‌కి వెళ్లకపోయినా పర్లేదు.

బోయలు ఎక్కడ ఉన్నాయి, గాలి బట్టి బోటు ముందు ఎటు వెళ్తుంది, ఎన్నిసార్లు పడొచ్చు, ఎవరి తర్వాత ఎవరు, ఇవన్నీ చెప్పేది అక్కడే. పిల్లల్ని ముందు వరసలో నిలబెట్టండి, అర్థం కానిది వాళ్లనే అడగనివ్వండి. మీ ముందు ఇంకా ఇద్దరు ఉండగానే జాకెట్ బిగించుకుని, వేగం, తాడు రాసిన చీటీతో డాక్ దగ్గర ఉండాలి. పేరు పిలిచాక కారు దగ్గర నుంచి పరిగెత్తుకొస్తే బోటు ఆగదు.