మానవ హక్కుల పరిశోధన: కార్డులు కొనకండి, ఫీజులు కట్టకండి

"మేష్టారూ, సెలెక్ట్ అయిపోయాను. ఫీజు కట్టేస్తే చాలు." ఈ రెండు వాక్యాలు ఒకేసారి వింటే నాకు గుండె ఝల్లుమంటుంది. శ్రీకాకుళంలో పీజీ పిల్లలకు పాఠాలు చెప్పడం, వాళ్లను వెంటబెట్టుకుని ఊళ్లలో మానవ హక్కుల మీద ఫీల్డ్‌వర్క్ చేయించడం నా పని. ఏటా పరీక్షలు అయ్యేసరికి ఎవరో ఒకరు ఫోన్ తెచ్చి నా ముందు పెడతారు. వాట్సాప్‌లో వచ్చిన ఉత్తరం. పైన ఐక్యరాజ్యసమితి గుర్తును పోలిన నీలిరంగు బొమ్మ. పేరులో ఇంటర్నేషనల్, కౌన్సిల్, కమిషన్ లాంటి మాటలు. బంగారు రంగు సీలు. అడుగున ఒక యూపీఐ నంబరు. ఆ చివరి లైన్ కోసమే పై హంగామా అంతా.

అపోహ: మానవ హక్కుల రంగంలోకి రావాలంటే ముందు మెంబర్‌షిప్ తీసుకోవాలి, డబ్బు కట్టాలి.

ఒక్క పైసా కట్టక్కర్లేదు. మా వైపు కుటుంబాలకు అన్నిటికంటే ఎక్కువ నష్టం తెస్తున్న అపోహ ఇదే కాబట్టి దీని గురించే ఎక్కువ చెబుతాను.

ముందు మానవ హక్కుల పేరు పెట్టి అమ్మే మెంబర్‌షిప్ కార్డుల సంగతి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 1993 నాటి చట్టంతో ఏర్పడిన సంస్థ. దాని ఛైర్‌పర్సన్‌ను, సభ్యులను రాష్ట్రపతి నియమిస్తారు. దానికి జిల్లా అధ్యక్షులు లేరు, మండల కన్వీనర్లు లేరు, మెంబర్‌షిప్ కార్డులు లేవు. మన రాష్ట్ర కమిషన్‌కూ అంతే. మరి ఆ కార్డులు అమ్మేవాళ్లెవరు? ఎక్కువమంది సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టర్ చేసుకున్నవాళ్లు. సొసైటీ పెట్టుకోవడం తప్పు కాదు, ఎవరైనా పెట్టుకోవచ్చు. కానీ ఆ రిజిస్ట్రేషన్‌తో పోలీస్ స్టేషన్‌లో విచారణ చేసే అధికారం రాదు. బండి మీద స్టిక్కర్ వేసుకుంటే టోల్‌గేటు దగ్గర మినహాయింపూ రాదు. పరిశోధన అనుభవం కింద ఏ విశ్వవిద్యాలయమూ దాన్ని లెక్కలోకి తీసుకోదు. రెజ్యూమెలో ఆ పదవి కనిపిస్తే ఇంటర్వ్యూ చేసేవాళ్లకు అనుమానమే మిగులుతుంది.

రెండోది విదేశీ సదస్సు. ఆమదాలవలస వైపు నుంచి ఒక రైతు కూతుర్ని తీసుకుని నా దగ్గరకు వచ్చాడు. ప్లాస్టిక్ కవర్లో మడత నలగకుండా పెట్టిన ఉత్తరం తీసి బల్ల మీద పరిచాడు. ఆ అమ్మాయిని "యూత్ డెలిగేట్"గా ఎంపిక చేశారట, బ్యాంకాక్ రమ్మన్నారట. "ఐక్యరాజ్యసమితోలే పిలిసినారు అన్నారు మేష్టారూ. ధాన్యం డబ్బులు రాగానే కట్టేసినాం. ఇప్పుడు ఫోనెత్తడం నేదు" అన్నాడు. ఆ పిల్ల తలెత్తలేదు. తప్పు తనదే అన్నట్టు నిలబడింది. ఆ అమ్మాయికి నేను మొదట చెప్పింది ఒకటే: నువ్వు తప్పేమీ చేయలేదమ్మా, నీకు చదువుకోవాలన్న ఆశ ఉందని తెలిసినవాళ్లు దాన్ని వాడుకున్నారు.

ఐక్యరాజ్యసమితి తన నియామకాల గురించి బహిరంగంగానే చెబుతుంది: దరఖాస్తు, ఇంటర్వ్యూ, ప్రాసెసింగ్, శిక్షణ, ఏ దశలోనూ ఫీజు తీసుకోదు. జాతీయ కమిషన్ ఇంటర్న్‌షిప్‌లకు పిలుపు దాని సొంత వెబ్‌సైట్‌లోనే వస్తుంది. రెండు వారాల ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్ కూడా ఉంటుంది కాబట్టి ఢిల్లీ వెళ్లే స్తోమత లేనివాళ్లకూ దారి ఉంది. అసలైన ఫెలోషిప్ ఏదైనా మీకే డబ్బిస్తుంది. యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) నెట్ పరీక్షలో "మానవ హక్కులు, విధులు" అని 92వ కోడ్‌తో ప్రత్యేకంగా ఒక సబ్జెక్టే ఉంది. అందులో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చి పీహెచ్‌డీలో చేరితే 2023 జనవరి నుంచి పెరిగిన రేటు ప్రకారం నెలకు 37,000 రూపాయలు, సీనియర్ దశకు వెళ్లాక 42,000. సామాజిక శాస్త్రాల పరిశోధనకు సాయం చేసే ఐసీఎస్ఎస్ఆర్ ఇచ్చే డాక్టోరల్ ఫెలోషిప్ నెలకు 20,000. ఎస్టీ విద్యార్థులకు కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ ఏటా 750 ఫెలోషిప్పులు ఇస్తుంది. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం పిల్లల్లో దీని పేరు కూడా విననివాళ్లు ఉన్నారంటే నాకు బాధగా ఉంటుంది. బయటి దేశాల సంగతికొస్తే, యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ నెలకు 1,400 యూరోలు. మానవ హక్కుల్లో మాస్టర్స్ కోర్సు కూడా ఆ పథకం కింద ఉంది. డబ్బు ఎటు నుంచి ఎటు పోతోందో చూడండి. మీ జేబులోంచి బయటికి పోతుంటే ఆగండి.

అయితే ఫీజు అన్న మాట కనబడగానే మోసం అనేయకండి. నెట్ దరఖాస్తుకు ఫీజు ఉంటుంది, పీహెచ్‌డీ ప్రవేశ పరీక్షకు ఉంటుంది. మంచి విశ్వవిద్యాలయం జరిపే సదస్సుకూ రిజిస్ట్రేషన్ ఉండొచ్చు, విద్యార్థులకు తగ్గిస్తారు. తేడా ఎక్కడంటే, అక్కడ ముందు మీ పేపర్ సారాంశం అడుగుతారు, చదువుతారు, కొన్నిసార్లు తిప్పి పంపుతారు. మోసగాళ్లు మీ పేపర్ అడగరు, ఆధార్ కాపీ అడుగుతారు. రేపటిలోగా కట్టకపోతే సీటు పోతుందంటారు.

మూడోది పేపర్ అచ్చు వేయించడం. "పీహెచ్‌డీ సబ్మిట్ చేయాలంటే జర్నల్‌లో రావాల్సిందే కదా" అని డబ్బు కట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. యూజీసీ 2022 నవంబర్‌లో తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనల్లో ఆ షరతు లేదు. మీ విశ్వవిద్యాలయం సొంతంగా పెట్టుకుని ఉండొచ్చు, కాబట్టి రీసెర్చ్ సెక్షన్‌కు వెళ్లి రాతపూర్వకంగా అడగండి, సీనియర్ చెప్పాడని నమ్మొద్దు. "యూజీసీ కేర్ జర్నల్, మూడు రోజుల్లో పబ్లికేషన్" అని ఇంకా మెసేజ్‌లు తిరుగుతున్నాయి. కేర్ అంటే యూజీసీ గుర్తించిన జర్నళ్ల జాబితా, దాన్ని ఆపేస్తున్నామని యూజీసీ 2025 ఫిబ్రవరిలోనే ప్రకటించింది. అయినా మూడు రోజుల్లో ఏ రివ్యూయర్ చదువుతాడు? ఒక పేపర్‌ను సరిగా చదివి ప్రశ్నలు రాయడానికి నెలలు పడుతుంది. గౌరవ డాక్టరేట్లు అమ్మేవాళ్ల గురించి ఎక్కువ చెప్పను. యూజీసీ నకిలీ విశ్వవిద్యాలయాల జాబితా ప్రకటిస్తుంది, అందులో ఆంధ్రప్రదేశ్‌లోనివి కూడా ఉన్నాయి, ఒకసారి తెరిచి చూడండి.

ఇప్పటికే కట్టేసి ఉంటే సిగ్గుపడి దాచకండి. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును బ్యాంకులో ఆపించే అవకాశం అంత ఎక్కువ. స్క్రీన్‌షాట్లు, లావాదేవీ నంబరు చెరపొద్దు.

అపోహ: ఢిల్లీ, హైదరాబాద్ యూనివర్సిటీల వాళ్లకే కొలాబరేషన్లు వస్తాయి. మనల్ని ఎవరు అడుగుతారు?

అడుగుతున్నారు. ఇబ్బందల్లా అడిగే పద్ధతిలో ఉంది.

మన వైపు పరిశోధించాల్సిన హక్కుల ప్రశ్నలు ఎన్ని లేవు! ఉద్దానం కిడ్నీ జబ్బు ఉంది. అది ఆరోగ్య హక్కు, తాగునీటి హక్కు కూడా. వంశధార ప్రాజెక్టు నిర్వాసితుల పునరావాసం ఉంది. థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద 2010 జులై 14న పోలీసు కాల్పులు జరిగిన సోంపేట బీల (చిత్తడి నేల) ఉంది. అదే రోజు ఆ ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతి రద్దయింది. చేపల వేటకు గుజరాత్‌లోని వేరావల్ దాకా వలసపోయి, 2018లో పాకిస్తాన్‌కు పట్టుబడి, 2020 జనవరిలో వాఘా దాటి ఇంటికొచ్చిన మన మత్స్యకారులు ఉన్నారు. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం, అటవీ హక్కుల చట్టం కింద పట్టాలు, షెడ్యూల్డ్ ప్రాంతం బయట ఉండిపోయిన గిరిజన గ్రామాలు ఉన్నాయి. బయటి నుంచి వచ్చే పరిశోధకుడికి సవర రాదు, ఉద్దానం తెలుగు పట్టుబడదు, ఏ ఊళ్లో ఎవరింట్లో కూర్చుంటే మనసు విప్పి మాట్లాడతారో తెలియదు. ఇవన్నీ మీకు తెలుసు.

అందుకే మీకు ఫోన్ వస్తుంది: "రోజుకింత ఇస్తాం, సర్వే ఫారాలు నింపించండి." చాలామంది సంబరపడి వెళ్లిపోతారు. ఏడాది తర్వాత పుస్తకం వస్తుంది, అందులో వీళ్ల పేరు కృతజ్ఞతల పేజీలో కూడా ఉండదు. దీన్ని కొలాబరేషన్ అనరు, కూలి అంటారు. కూలి చేయడం తప్పు కాదు, కానీ అదేదో తెలిసి ఒప్పుకోవాలి. వెళ్లే ముందు ఒక పేజీ ఒప్పందం రాయించుకోండి: ప్రశ్నావళి తయారీలో మీరుంటారా, విశ్లేషణలో ఉంటారా, రాతలో ఉంటారా, రచయితల్లో మీ పేరుంటుందా, డేటా కాపీ ఎవరి దగ్గర ఉంటుంది? ప్రణాళికలోనో విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ పని చేసి, రాతలోనూ పాలుపంచుకుని, అచ్చయ్యేదానికి ఒప్పుకుని బాధ్యత తీసుకున్నవాళ్లు రచయితలని అంతర్జాతీయ జర్నల్స్ పద్ధతి. ఆ మాట ఎత్తితే మొహం చిట్లించేవాళ్లతో పని వద్దు.

ఆ ఒప్పందంలో ఇంకో లైన్ కూడా రాయించమంటాను, ఊరి కోసం. ఉద్దానంలోని కవిటి మండలంలో ఒక ఇంటికి మా పిల్లలతో వెళ్లాను. అరుగు మీద ఒకావిడ జీడిపిక్కలు వలుస్తోంది. వేళ్లకు నల్లటి జీడి మరకలు. వారానికి రెండుసార్లు ఆమె భర్తకు డయాలసిస్. మా విద్యార్థిని సమ్మతి పత్రం చదివి వినిపిస్తుంటే ఆవిడ చేతి పని ఆపకుండానే అంది: "రాసుకుని పట్టుకెళ్లినోలు సానామంది బావూ. ఏటి రాసినారో మల్లొచ్చి సెప్పినోలు నేరు." ఆ పూట ఫారాలు మూసేసి ఊరికే కూర్చుని మాట్లాడి వచ్చాం. తర్వాత ఆ పని ముగిశాక నాలుగు పేజీల తెలుగు నివేదిక అచ్చు వేయించి ఇల్లిల్లూ తిరిగి ఇచ్చాం, పంచాయతీ ఆఫీసులో ఒకటి అంటించాం. చదవడం రానివాళ్లకు మా పిల్లలే చదివి వినిపించారు. రెండు చోట్ల మేం రాసింది తప్పని ఊరివాళ్లు దిద్దారు కూడా. నీటి ట్యాంకరు వచ్చే రోజులు మేం రాసుకున్నట్టు లేవు. ఏ జర్నల్ రివ్యూయర్‌కూ దొరకని తప్పది.

సమ్మతి పత్రం మీద సంతకం అయిపోతే పని అయిపోయినట్టు కాదు. వద్దంటే మధ్యలో ఆపేసే హక్కు వాళ్లకుందని చెప్పాలి, పింఛనుకూ పథకాలకూ దీనికీ సంబంధం లేదని చెప్పాలి. చెప్పకపోతే పింఛను పోతుందన్న భయంతోనే జవాబిస్తారు. ఆ జవాబు పరిశోధనకూ పనికిరాదు.

అపోహ: మానవ హక్కులు అంటే పోలీసు కేసులు. పాస్‌పోర్టు రాదు, ఉద్యోగం రాదు.

ఈ భయం తల్లిదండ్రులది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను, ఈ జిల్లా చూసిన చరిత్ర అలాంటిది. కానీ విశ్వవిద్యాలయం అనుమతితో, గైడు పర్యవేక్షణలో, ఎథిక్స్ కమిటీ ఆమోదంతో చేసే అధ్యయనం నేరం కాదు. అసలు 1993 చట్టం 12వ సెక్షనే మానవ హక్కుల పరిశోధనను ప్రోత్సహించడం కమిషన్ విధి అంటోంది. చట్టం చేయమన్న పనికి భయమెందుకు? కాలేజీ లెటర్ జేబులో పెట్టుకోండి, ఏజెన్సీలోకి వెళ్లేటప్పుడు ఐటీడీఏకు (గిరిజనాభివృద్ధి సంస్థ) ముందుగా తెలియజేయండి.

నిజంగా జాగ్రత్త పడాల్సినవి వేరే ఉన్నాయి. విదేశీ పరిశోధకుడు ఫీల్డ్‌వర్క్‌కు వస్తే రీసెర్చ్ వీసా ఉందో లేదో అడగండి. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్లతో ఊళ్లకు వెళ్లొద్దు. ఇక విదేశీ డబ్బు. విద్యార్థిగా మీకొచ్చే స్కాలర్‌షిప్‌కు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ ఒక సంస్థ విదేశీ విరాళం తీసుకోవాలంటే ఆ రిజిస్ట్రేషన్, ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ఖాతా ఉండాలి. అలా వచ్చిన విరాళాన్ని ఇంకొకరికి బదిలీ చేయడం 2020 సవరణతో నిషిద్ధం. "మా డబ్బు మీ ఖాతాలో వేస్తాం, మీరు పంచండి" అని ఎవరన్నా అడిగితే వద్దనండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

లా చదివినవాళ్లకే అన్నది తప్పు. తెలుగునాట హక్కుల ఉద్యమంలో పెద్ద పేరైన బాలగోపాల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పిన మనిషి, లా తర్వాత చదివారు. ఉద్దానం లాంటి ప్రశ్నకు వైద్యులు, భూగర్భ శాస్త్రవేత్తలు, గణాంకాలు తెలిసినవాళ్లు అందరూ కావాలి.

నివేదిక రాస్తే కమిషన్ దానంతటదే కేసు తీసుకుంటుందన్నది కూడా తప్పు. ఫిర్యాదు వేరు, నివేదిక వేరు. ఘటన జరిగి ఏడాది దాటితే కమిషన్ విచారణ చేపట్టదు, అదే 1993 చట్టం 36వ సెక్షన్ చూడండి. థీసిస్ పూర్తయ్యాక ఫిర్యాదు చేద్దామనుకుంటే బాధితులకు గడువు దాటిపోతుంది. ముందే చెప్పండి.

జెనీవాలోని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల విభాగానికి రాయాలంటే పెద్ద సంస్థ కావాలన్నదీ నిజం కాదు. ఒక్కో హక్కు మీద పనిచేసే అక్కడి ప్రత్యేక ప్రతినిధులు తమ నివేదికల కోసం సమాచారం కావాలని బహిరంగంగా పిలుస్తుంటారు. నాలుగున్నరేళ్లకోసారి ప్రతి దేశంలోని హక్కుల పరిస్థితి మీద అక్కడ జరిగే సార్వత్రిక సమీక్షకు సంస్థలు 2,815 పదాల లోపు నివేదిక పంపొచ్చు. భారత్ వంతు చివరిగా 2022 నవంబర్‌లో వచ్చింది.

ఇంగ్లిష్ విషయంలో అబద్ధం చెప్పను. పేపర్ రాయడానికి, ఫెలోషిప్ దరఖాస్తుకు ఇంగ్లిష్ కావాలి. కానీ ఇంటర్వ్యూలు తెలుగులో, సవరలో చేయొచ్చు. సమాచార హక్కు దరఖాస్తు తెలుగులోనే పెట్టొచ్చు. జిల్లా ఆఫీసుకైతే పది రూపాయలు, మండలానికి ఐదు, గ్రామ స్థాయిలో ఫీజే లేదు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. కొత్తగా మొదలుపెట్టే పిల్లలకు నేనిచ్చే మొదటి పని ఇదే: మీ మండలానికి సంబంధించిన ఒక్క హక్కు ఎంచుకోండి, దాని మీద మూడు ప్రశ్నలతో ఒక దరఖాస్తు రాయండి. దానికి వచ్చిన జవాబు పట్టుకుని ఎచ్చెర్ల అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలోనో, విజయనగరం కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయంలోనో మీ విషయానికి దగ్గరగా పనిచేసే ప్రొఫెసర్‌కు మెయిల్ పెట్టండి. నాలుగు లైన్లు చాలు. వారంలో జవాబు రాకపోతే మళ్లీ పెట్టండి, విసుక్కోరు.