మైకు ఎందుకు కూస్తుందంటే

పిల్లకాయలూ,

సంక్రాంతికి వచ్చినప్పుడు "తాతా, మైకు ఎందుకట్లా కుయ్యిమంటుంది?" అని అడిగారు గదా. కేబుళ్లు చుట్టే హడావుడిలో సరిగ్గా చెప్పలేదు.

మైకు పాడేవాడి గొంతు ఒక్కటే వినదు, స్పీకర్ బాక్సులోంచి వచ్చేదీ వింటుంది. విన్నదాన్ని మళ్లీ యాంప్లిఫైయర్‌కి పంపుతుంది, అది పెరిగి బాక్సులోంచి వస్తుంది, మైకు మళ్లీ వింటుంది. ఇట్లా తిరిగి తిరిగి ఏదో ఒక శ్రుతి పట్టుకుని అరుస్తుంది. అదే ఫీడ్‌బ్యాక్.

నేను మైకుసెట్టు పనిలో చేరిన కొత్తల్లో బుచ్చి దగ్గర ఒక ఊళ్లో పద్యనాటకం పడింది. వెనకాల కూర్చున్నవాళ్లు "వినపళ్ళా" అని కేకలు, నేను వాల్యూం పెంచడం, పద్యం మధ్యలో కూత, హార్మోనియం ఆయన నా వైపు కొరకొరా చూడటం! మా ఓనరు వచ్చి మిక్సర్, అదే వాల్యూం తిప్పే పెట్టె, ముట్టుకోలేదు. స్టేజీ ఎక్కి మైకుని నటుడికి దగ్గరగా జరిపాడు, బాక్సుల్ని మైకుల కంటే ముందుకి లాగించాడు, అంతే. నోటికీ మైకుకీ ఉన్న దూరం సగమైతే 6 డెసిబెల్స్ (మోతని కొలిచే లెక్క) ఊరికే కలిసొస్తాయని ఆయన తర్వాత టీ తాగుతూ చెప్పాడు.

తిరునాళ్లలో జనం దూరం దాకా ఉంటే వెనకాల ఇంకో జత బాక్సులు పెడతాం. శబ్దం 20 డిగ్రీల వేడిలో సెకనుకి 343 మీటర్లు పోతుంది, అంటే 34 మీటర్లకి సెకనులో పదోవంతు. కరెంటు మాత్రం క్షణంలో చేరిపోతుంది. అందుకని వెనక బాక్సులకి 100 మిల్లీసెకన్లు డిలే, అంటే ఆ పదోవంతు సెకను ఆలస్యం, పెట్టకపోతే అక్కడివాళ్లకి ఒకే మాట రెండుసార్లు వినపడుతుంది. మన నెల్లూరు మే ఎండకి, 40 డిగ్రీల్లో, వేగం 355 దాకా పోతుంది. ఆ దూరానికి తేడా నాలుగు మిల్లీసెకన్లు కూడా ఉండదు, ఎవరికీ తెలియదు, అయినా నేను సరిచేస్తా. చాదస్తం!

85 డెసిబెల్స్ మోతలో ఎనిమిది గంటలకి మించి ఉండొద్దంటారు, 88 అయితే నాలుగే. ఈ లెక్క నాకు చానా ఆలస్యంగా తెలిసింది. బాక్సు పక్కనే కూర్చుని పనిచేసిన ఎడమ చెవిలో ఇప్పుడు రాత్రిళ్లు కీచురాయి అరుస్తున్నట్టుంటుంది. మీరు తెస్తానన్న ఇయర్‌ప్లగ్గులు రెండు జతలు తీసుకురండి, ఒకటి నా దగ్గర కొత్తగా చేరిన కుర్రోడికి.

మీ తాత