పాలల్లో మందు: అపోహలు - వాస్తవాలు

2024 మార్చిలో బ్రెజిల్ ఆవు ఒకటి వార్తల్లోకెక్కింది. మనిషి ఇన్సులిన్ జన్యువు పెట్టి పుట్టించిన ఆ ఆవు పాలల్లో ఇన్సులిన్ కనిపించిందని అమెరికాలోని ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయం, బ్రెజిల్‌లోని సావో పాలో విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రకటించారు. వాట్సాప్‌కు చేరేసరికి అది "ఈ ఆవు పాలు తాగితే షుగర్ మాయం" అయి కూర్చుంది. నేను పశువుల బయోటెక్నాలజీలో పనిచేస్తానని తెలిసిన చుట్టాలందరూ ఆ ఫార్వర్డ్ నాకే పంపారు. వాళ్లకు విడివిడిగా చెప్పిన సమాధానాలు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

అపోహ: ఆ పాలు తాగితే ఇంజెక్షన్ మానేయొచ్చు

మానేయకండి. ఇన్సులిన్ ఒక ప్రోటీన్. కడుపులోకి వెళ్లిందంటే పప్పులోని ప్రోటీన్ ఎలా అరిగిపోతుందో ఇదీ అలాగే ముక్కలై అరిగిపోతుంది, రక్తంలోకి ఇన్సులిన్‌గా చేరదు. ఇన్నేళ్లుగా దాన్ని సూదితో ఎక్కించుకుంటున్నది అందుకే. జంతువుల పాలల్లో మందు ప్రోటీన్లు తయారుచేయించే ఈ రంగంలో పాలు మందుకు ముడిసరుకు మాత్రమే. అందులోంచి కావలసిన ప్రోటీన్‌ను విడదీసి, శుద్ధి చేసి, సీసాలోకి ఎక్కించాకే దాన్ని మందు అంటాం.

అసలు ఆ ప్రయోగంలో జరిగింది కూడా చాలా చిన్నది. పది పిండాలను మామూలు ఆవుల గర్భంలో పెడితే, కొత్త జన్యువున్న పెయ్యదూడ ఒక్కటి పుట్టింది. పెరిగి పెద్దయ్యాక అది చూడి కట్టలేదు. దాంతో హార్మోన్లిచ్చి పాలు వచ్చేలా చేశారు. వచ్చిన కొద్దిపాటి పాలల్లోనే ఇన్సులిన్, దాని తొలి రూపమైన ప్రోఇన్సులిన్ దొరికాయి. పొదుగు తనంతట తానే తొలి రూపాన్ని ఇన్సులిన్‌గా మార్చగలిగిందన్నది శాస్త్రపరంగా మంచి సంగతే. వార్తల్లో వచ్చిన పెద్ద పెద్ద లెక్కలు మాత్రం "లీటరుకు ఒక గ్రాము వస్తే" అన్న ఊహ మీద వేసినవి. గ్రాము ఇన్సులిన్ అంటే సుమారు 28,800 యూనిట్లు. రోజుకు 40 యూనిట్లు తీసుకునే మనిషికి దాదాపు రెండేళ్లు సరిపోతుంది. లెక్క ఊరిస్తుంది, నిజమే. ఆ ఆవు అంత ఇచ్చిందని మాత్రం ఎవరూ అనలేదు.

అపోహ: మనిషి జన్యువు పెడితే ఆ జంతువు సగం మనిషి అవుతుంది

మేకలో ఇరవై వేల పైచిలుకు జన్యువులుంటాయి. వాటికి ఒకటి కలుపుతాం. ఆ ఒక్కటి శరీరంలోని ప్రతి కణంలోనూ ఉంటుంది గానీ అన్నిచోట్లా పనిచేయదు. జన్యువు ముందు ప్రమోటర్ అనే భాగం ఉంటుంది. ఏ కణంలో, ఎప్పుడు పనిచేయాలో తేల్చేది అదే. కేసిన్ లాంటి పాల ప్రోటీన్ ప్రమోటర్‌ను తీసుకుని దాని వెనక మనిషి జన్యువును అతికిస్తే, జంతువు ఈని పాలిచ్చే రోజుల్లో, పొదుగులో మాత్రమే ఆ ప్రోటీన్ తయారవుతుంది.

1987లో ఎలుక పాలల్లో ఇది మొదట సాధ్యమైంది. గుండెపోటులో రక్తపు గడ్డను కరిగించే టీపీఏ అనే మనిషి ప్రోటీన్‌ను అలా రాబట్టారు. తర్వాత స్కాట్లాండ్‌లోని రోజ్లిన్ పరిశోధకులు ట్రేసీ అనే గొర్రెను పుట్టించారు. దాని పాలల్లో ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే మనిషి ప్రోటీన్ లీటరుకు సుమారు 35 గ్రాముల దగ్గర స్థిరపడింది. ఆవు పాలల్లో ఉండే మొత్తం ప్రోటీన్ అంత! ఇంత చేసినా ట్రేసీ గడ్డి మేసే గొర్రెగానే బతికింది.

అపోహ: ఇలాంటి పాలు ఇప్పటికే మన ప్యాకెట్లలో కలుస్తున్నాయి

లేదు. మన దేశంలో ఇలాంటి పాడి జంతువుకు అనుమతే ఇవ్వలేదు. ఇక్కడ మూడు నాలుగు వేర్వేరు సంగతులు కలగాపులగం అవుతున్నాయి. జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకర ఆవులు కృత్రిమ గర్భధారణతో పుట్టినవి, వాటిలో జన్యుమార్పిడి లేదు. 2009లో కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధనా సంస్థ (ఎన్‌డీఆర్‌ఐ)లో పుట్టిన గరిమ అనే గేదె దూడ క్లోన్, అంటే ఉన్న జన్యువులకే నకలు. అమెరికాలో పాలు పెరగడానికి ఆవులకిచ్చే బీఎస్‌టీ హార్మోన్‌ను బ్యాక్టీరియాలో తయారుచేసి సూదితో ఎక్కిస్తారు, ఆవు జన్యువులను ముట్టుకోరు. మన పల్లెల్లో పాలు చేపడానికి గేదెలకు దొంగచాటుగా పొడిచే ఆక్సిటోసిన్ మరో గొడవ, దానికీ ఈ విషయానికీ ఏ సంబంధమూ లేదు.

అపోహ: జంతువు పుట్టేదాకానే కష్టం, ఆపైన పాలు పితుక్కోవడమే

బయటివాళ్లే కాదు, ఈ రంగంలోకి కొత్తగా వచ్చే పిల్లలు కూడా ఎక్కువగా నమ్మేది ఇదే.

మొదట కాలం సంగతి. ఆవు కడుపులో దూడ తొమ్మిది నెలలు. పుట్టిన పెయ్య ఎదకు వచ్చి, కృత్రిమ గర్భధారణ సూది వేయించడానికి తగ్గట్టు ఎదగాలంటే సుమారు పదిహేను నెలలు. చూడి కట్టాక మళ్లీ తొమ్మిది. అంటే మొదటి చుక్క పాలు చూడటానికే దాదాపు మూడేళ్లు. పుట్టింది కోడెదూడ అయితే మరో తరం ఆగాలి. నెదర్లాండ్స్‌లో 1990లో పుట్టిన హెర్మన్‌కు అదే జరిగింది. లాక్టోఫెర్రిన్ అనే మనిషి ప్రోటీన్ పాలల్లో రావాలని జన్యువు పెడితే పుట్టింది మగది. దాన్ని దాటించాలా వద్దా అన్న చర్చ ఆ దేశ పార్లమెంటు దాకా వెళ్లింది. మేక అయితే ఏడాదిన్నరలో తేలిపోతుంది. కుందేలుకు ఏడెనిమిది నెలలు చాలు. అన్నట్టు, కుందేలును నిజంగానే చిన్న యంత్రం పెట్టి పితుకుతారు. వినగానే అందరూ నవ్వుతారు.

అసలు పని పాలు వచ్చాక మొదలవుతుంది. పాలంటే కొవ్వు, కేసిన్, చక్కెర, లవణాలు, జంతువు సొంత ప్రోటీన్లు, పొదుగు నుంచి వచ్చే కణాలు, సూక్ష్మజీవులు. ఇంతమందిలోంచి ఒక్క ప్రోటీన్‌ను విడిగా పట్టుకోవాలి. ముందు మీగడ తీయాలి. ఆపైన కేసిన్‌ను వదిలించుకోవాలి, లేకపోతే ఫిల్టర్లు పూడుకుపోతాయి. తర్వాత కావలసిన ప్రోటీన్ మాత్రమే అంటుకునే పదార్థం నింపిన గొట్టం (కాలమ్) గుండా పంపాలి. వైరస్‌లు మిగలకుండా అతి సన్నని ఫిల్టర్, వేడి. జంతువు సొంత ప్రోటీన్ లేశమాత్రం మిగిలినా, సూదితో రక్తంలోకి వెళితే అలర్జీ తెప్పించవచ్చు. నోటితో తాగే పాలతో చాలామందికి ఈ బాధ లేదు. మంద మీద కాపలా దీనికి అదనం. మేకలకూ గొర్రెలకూ వచ్చే స్క్రేపీ అనే మెదడు జబ్బు సోకని మందనే పెట్టుకోవాలి, బయటి పశువును లోపలికి రానివ్వకూడదు, మేతకు కూడా రికార్డులు రాయాలి.

ఇదంతా గడిచి మందుగా బయటికొచ్చిన మొదటిది మేకపాల నుంచి తీసిన యాంటీత్రాంబిన్, పేరు ఏట్రిన్. పుట్టుకతోనే ఈ ప్రోటీన్ కొరత ఉన్నవాళ్లకు ఆపరేషన్, కాన్పు సమయాల్లో రక్తం గడ్డకట్టకుండా వాడటానికి తెచ్చారు. యూరప్ 2006లో, అమెరికా 2009లో అనుమతించాయి. యూరప్‌లో నిపుణుల కమిటీ మొదట కాదని, తిరిగి పరిశీలించాక ఒప్పుకుంది. ఒక్క మేక ఏడాదికి ఇచ్చే యాంటీత్రాంబిన్ 90,000 రక్తదానాల్లో దొరికే దానితో సమానమని కంపెనీ చెప్పుకుంది. అయినా ఆ జబ్బు ఉన్నవాళ్లు తక్కువ కాబట్టి అమ్మకాలు పుంజుకోలేదు, వ్యాపారం గిట్టక యూరప్ మార్కెట్ నుంచి ఏట్రిన్ తప్పుకుంది.

అపోహ: పాల నుంచి తీసినదీ, రక్తం నుంచి తీసినదీ అచ్చం ఒకటే

అమైనో ఆమ్లాల వరుస ఒకటే. కానీ చాలా ప్రోటీన్లకు చక్కెర గొలుసులు అతుక్కుని ఉంటాయి, వాటిని ఒక్కో జంతువు ఒక్కో తీరుగా అతికిస్తుంది. దీని ప్రభావం రోగి ఒంట్లో కనిపిస్తుంది. కుందేలు పాల నుంచి తీసిన సీ1 ఇన్హిబిటర్ అనే ప్రోటీన్, అంటే రుకోనెస్ట్ అనే మందు, రక్తంలో కొన్ని గంటలకే సగానికి పడిపోతుంది. రక్తదానం నుంచి తీసినదానికి ఒక రోజుకు పైగా పడుతుంది. వంశపారంపర్య యాంజియోఎడిమాలో ఒక్కసారిగా వచ్చే వాపును తగ్గించడానికి ఆ కొద్ది గంటలు సరిపోతాయి. మేక యాంటీత్రాంబిన్ కూడా త్వరగా తగ్గిపోతుంది కాబట్టి దాన్ని ఆగకుండా డ్రిప్‌లా ఎక్కించాలి. కుందేలు అలర్జీ ఉన్నవాళ్లకు రుకోనెస్ట్ ఇవ్వకూడదు.

అపోహ: మామూలుగా పాలు పితకడమే కదా, జంతువుకేం బాధ?

పితకడంలో బాధ లేకపోవచ్చు. అక్కడిదాకా తెచ్చే దారిలో మాత్రం ఉంది. పాత పద్ధతిలో పిండంలోకి జన్యువును సూదితో ఎక్కిస్తే పశువుల్లో నూటికి ఒకటి ఫలించడం గొప్ప. మిగతా చూళ్లన్నీ వృథా. పైగా కొన్ని ప్రోటీన్లు పొదుగు దాటి జంతువు రక్తంలోకి చేరతాయి. ఎర్ర రక్తకణాలను పెంచే ఎరిత్రోపోయిటిన్ లాంటిదైతే తయారుచేసిన జంతువే జబ్బు పడుతుంది. కంపెనీ మూతపడితే మంద ఏమవుతుందన్నది ఎవరూ అడగరు. ట్రేసీ వెనక ఉన్న పీపీఎల్ థెరప్యూటిక్స్ కంపెనీ మందు 2003లో ఆగిపోయినప్పుడు న్యూజిలాండ్‌లో దాని కోసం పెంచిన వేల గొర్రెలను చంపేశారు. కూరకూ అమ్మరు, కొట్టంలోనూ ఉంచుకోరు. ఈ రంగం గురించి మాట్లాడేటప్పుడు ఆ గొర్రెలను దాటవేయడం నాకు నచ్చదు.

అపోహ: ఇక మందుల ఫ్యాక్టరీలు అక్కర్లేదు

ఇన్సులిన్‌కు చక్కెర గొలుసులు లేవు, 1982 నుంచీ బ్యాక్టీరియాలో, ఆపైన ఈస్ట్‌లో కూడా చవగ్గా తయారవుతోంది. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్-బి టీకాకు ఈస్ట్ సరిపోయింది. చక్కెర గొలుసులు కావలసిన చాలా ప్రోటీన్లకు ట్యాంకుల్లో పెంచే చైనా హ్యామ్‌స్టర్ అనే చిట్టెలుక కణాలున్నాయి, వాటి దిగుబడి కూడా ఏటా పెరుగుతూ వచ్చింది. కాబట్టి ఆవుతో ఇన్సులిన్ చేయించడం నా దృష్టిలో ముచ్చటే తప్ప అవసరం కాదు. ఒక్కో మోతాదుకు ఎక్కువ పరిమాణం కావలసినవి, ఇప్పటిదాకా దాతల రక్తం మీదే ఆధారపడినవి పొదుగుకు తగిన పని. అమెరికాలో పాల దారిన అనుమతి పొందిన మందులు మూడే: 2009లో ఏట్రిన్, 2014లో రుకోనెస్ట్, 2020లో సెవెన్‌ఫ్యాక్ట్. చివరిది కూడా కుందేలుదే. రక్తం గడ్డకట్టించే మామూలు ప్రోటీన్ (ఫ్యాక్టర్) మందును శరీరం తిప్పికొడుతున్న హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) రోగులకు రక్తస్రావం ఆపడానికి దాన్ని వాడతారు.