జామచెట్టు దాకా పోని కరెంటు

మిర్యాలగూడ,
దీపావళికి ముందు ఆదివారం

చిట్టీ, బుజ్జిగా,

దసరా సెలవుల్లో మీకు నేనొక మాట తప్పు చెప్పాను. అది దిద్దడానికే ఈ ఉత్తరం. ఫోన్‌లోనే చెబుదామనుకున్నా గానీ, మీ నాయనమ్మ మధ్యలో ఫోను గుంజుకుని తిన్నారా, దగ్గు తగ్గిందా అని మొదలుపెడితే ఇక మన పెరటి బొమ్మ రైలు సంగతి అంతే.

చిట్టి అడిగింది గుర్తుందా? "తాతా, బండి అరుగు దగ్గర ఉషారుగా ఉరుకుతుంది. జామచెట్టు దగ్గరికి పోయేసరికి ముసలోళ్ల లెక్క నడుస్తుంది. ఎందుకు?" ముసలోళ్ల మాట నన్ను చూసే అన్నదేమో, అది వేరే సంగతి. నేను "ఇంజను వేడెక్కింది, కాసేపు ఆపండి" అన్నాను. ఆపారు. పావుగంటయ్యాక పెడితే మళ్లీ అదే నడక. నిజానికి నాకప్పుడు కారణం తెలియదు. నలభై ఏళ్లు మోటార్లు చుట్టినవాణ్ణి, బొమ్మ బండిలో బొటనవేలంత మోటారు సంగతి తెలియదంటే పరువు పోదా అనుకుని ఏదో ఒకటి అనేశాను. తెలియనప్పుడు తెలియదనాలని మీకు వందసార్లు చెప్పిన నోరే ఇది.

మీరు పోయాక రెండు రోజులు ఆ ఇంజను విప్పి, తుడిచి, మళ్లీ బిగించాను. దానిలో ఏ రోగమూ లేదు. మూడో రోజు పొద్దున వోల్టులు కొలిచే పాత మీటరు తీసుకుని పట్టాల వెంట కూర్చుంటే అసలు సంగతి దొరికింది. దొరికాక నవ్వొచ్చింది. ఎందుకంటే ఆ జబ్బు నాకు పన్నెండేళ్ల వయసు నుంచీ తెలుసు. అది చివరి పొలం జబ్బు.

మన పెరటి రైలును నాగార్జునసాగర్ ఎడమ కాలువ అనుకోండి. అరుగు మీది ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా సాగర్ డ్యాము. పట్టాలు కాలువ. అందులో పారే నీళ్లు కరెంటు. ఇంజను వరి పొలం. కాలువ మొదట్లో ఉన్న పొలానికి నీళ్లు దండిగా వస్తాయి. చివరి పొలానికి రావు. జామచెట్టు స్టేషను మన కాలువకు చివరి భూమి.

మాదీ అట్లాంటి చివరి భూమే. సాగర్ కాలువలకు 1967లో నీళ్లు వదిలారు, అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. మా పొలం దాకా నీళ్లు రావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. వచ్చినా అవి మా వంతు నాడు, అర్ధరాత్రి, కాలువ నీళ్లు వదిలే లస్కరుకు దయ కలిగితే. మా నాయిన గట్టు మీద గొంగడి పరుచుకుని పడుకునేవాడు. నన్ను తూము దగ్గర కూర్చోబెట్టి, "నీళ్లలో చెయ్యి పెట్టి ఉంచు, ఒరవడి తగ్గితే నన్ను లేపు" అనేవాడు. చెయ్యి పెట్టి కూర్చునేవాణ్ణి. కప్పలు, చలి, దూరంగా ఎవరిదో లాంతరు. ఒరవడి తగ్గగానే నాయినను లేపితే, ఇద్దరం గట్టెంట పైకి నడిచేవాళ్లం. ఎక్కడో ఒకచోట గట్టుకు బెజ్జం కనిపించేది. ఇంకోచోట తుంగ మొలిచి నీళ్లకు అడ్డం పడేది. వేరొకచోట గండి. ఒక్క పెద్ద గండి ఉంటే పూడ్చవచ్చు బిడ్డా, అది కనిపిస్తుంది. వందచోట్ల చెంచాడు చెంచాడు పోతే ఎవరిని పట్టుకుని అడుగుతావు?

మన పట్టాల్లోనూ జరిగింది ఇదే. మీ బాబాయి జర్మనీ నుంచి తెచ్చిన డబ్బాలో పన్నెండు వంపు పట్టాలుండేవి. పన్నెండూ కలిపితే అరుగు ముందు ఒక గుండ్రం. పట్టాకూ పట్టాకూ మధ్య 45 మిల్లీమీటర్లు. మీటరు గేజు బండిని, అంటే పట్టాల మధ్య ఒక మీటరు ఉండేదాన్ని, 22.5 రెట్లు చిన్నది చేస్తే దాని పట్టాల వెడల్పు దాదాపు ఇంతే అవుతుంది. మీరు హైదరాబాదు నుంచి వచ్చే బండి పట్టాల మధ్య 1,676 మిల్లీమీటర్లు ఉంటుంది, అది బ్రాడ్ గేజు. నా చిన్నప్పుడు సికింద్రాబాదు నుంచి పాలమూరు, గద్వాల మీదుగా కర్నూలు పోయే బండి మీటరు గేజుదే. మా మేనమామతో ఒక్కసారి ఎక్కాను. కిటికీలోంచి తల బయటపెట్టి కంట్లో బొగ్గు నలుసు వేయించుకున్నాను, కృష్ణ మీది వంతెన ఒంటికన్నుతోనే చూశాను. ఇటు మిర్యాలగూడ వైపు రైలు నా పెళ్లయ్యాక గానీ రాలేదు.

సరే, ఎక్కడున్నాం? పన్నెండు పట్టాల గుండ్రం. దానితో ఊరుకుంటే ఏ తంటా లేకపోవును. మీకు స్టేషను కావాలి, స్టేషనుకు జామచెట్టు నీడ కావాలి, అక్కడి నుంచి బతుకమ్మకు తంగేడు పూలు గూడ్సు డబ్బాలో రావాలి. అందుకని గుండ్రానికి ఒక పాయింటు, అంటే బండిని పక్క లైనుకు మళ్లించే పట్టా, పెట్టి, అడుగు పొడవు పట్టాలు ముప్పై అతికించుకుంటూ పోయాం. తొమ్మిది మీటర్లు. కింద నాపరాయి ముక్కలు పరిచి, మీద సన్న కంకర పోసి, మట్టం గొట్టంతో చూసి, ఎంత పద్ధతిగా వేశామో! ఒక్క సంగతి మాత్రం ముగ్గురం మరిచిపోయాం. ముప్పై పట్టాలంటే ముప్పై అతుకులు. ప్రతి అతుకులో కరెంటు ఒక చిన్న ఇత్తడి రేకును పట్టుకుని అవతలి పట్టాలోకి దాటాలి. రెండు వానలు పడి ఆ రేకుల సందుల్లోకి మట్టి పోయింది, ఇత్తడి నల్లబడింది. ప్రతి అతుకు దగ్గరా చెంచాడు ఒరవడి పోయింది.

ఇక్కడొక తమాషా ఉంది. ముందు బండి తీసేసి, ఖాళీ పట్టాల మీద మీటరు పెట్టాను. అరుగు దగ్గర 18 వోల్టులు. జామచెట్టు దగ్గరా దాదాపు 18! మీటరు చెడిపోయిందనుకున్నాను. తర్వాత ఇంజనును అక్కడికి తెచ్చి, నాలుగు డబ్బాలు తగిలించి, నడుస్తుండగా పెట్టాను. 11. బండిని ఎత్తితే మళ్లీ 18. దించితే 11. చిన్నపిల్లాడిలా ఎత్తి దించి ఎత్తి దించి చూశాను, మీ నాయనమ్మ వంటింటి కిటికీలోంచి చూసి ఏమీ అనలేదు.

దీనికీ కాలువే జవాబు. అన్ని తూములూ మూసి ఉంచితే కాలువలో నీళ్లు కదలవు, మొదటా చివరా ఒకటే మట్టంలో నిలబడి ఉంటాయి. ఆహా, మనకూ నిండుగా వచ్చాయిరా అనుకుంటాం. తూము ఎత్తి పొలంలోకి పారించడం మొదలుపెడితే తెలుస్తుంది అసలు సంగతి. మట్టం జర్రున కిందికి పోతుంది. నిలబడిన నీళ్లను చూసి మోసపోవద్దని నాయిన అందుకే నన్ను చెయ్యి పెట్టి చూడమనేవాడు.

మరి అతుకులన్నీ టంకం వేసి ఒకటే పట్టా చేసేస్తే పోదా అని బుజ్జిగాడు అడుగుతాడు, నాకు తెలుసు. చేయకూడదు. మన పట్టాలు ఇత్తడివి, ఇత్తడి ఎండకు సాగుతుంది. రాత్రి చల్లదనానికీ ఎండాకాలం మధ్యాహ్నానికీ పట్టాలో నలభై డిగ్రీల తేడా వచ్చిందనుకో, మన తొమ్మిది మీటర్ల లైను ఏడు మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. అతుకుల్లో సందు లేకపోతే అది పెరిగి ఎక్కడికి పోతుంది? పక్కకు పాములా వంకర తిరుగుతుంది. అందుకే కీళ్లు కీళ్లుగానే ఉండాలి. మన మోకాళ్లూ అంతే, కీలు ఉంది కాబట్టే నొప్పి, కీలు ఉంది కాబట్టే నడక.

అందుకని పిల్లకాలువ తవ్వాను. ఇంటి వైరింగులో మిగిలిన 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలు రెండు, పాత ప్లాస్టిక్ గొట్టంలో వేసి, పట్టాల పక్కనే మట్టిలో పూడ్చాను. అరుగు దగ్గర డబ్బా నుంచి నేరుగా జామచెట్టుకు ఒక జత, నడిమిట్లో గులాబీ కుండీ దగ్గర ఇంకో జత. ఆ తీగలో ఒక్క అతుకు లేదు. ఎడమ పట్టాకు వెళ్లాల్సిన తీగ ఎక్కడైనా ఎడమ పట్టాకే వెళ్లాలి. ఒకచోట మార్చి పెట్టి, షార్ట్ సర్క్యూట్ చేసి, డబ్బాలో ఎర్రలైటు వెలిగించుకున్నాను కూడా. ఇప్పుడు బండి నడుస్తుండగా జామచెట్టు దగ్గర 17. మా నాయిన ఉంటే కాలువకు కూడా అట్లా సాగర్ నుంచి నేరుగా మా పొలానికి ఒక గొట్టం వేయమనేవాడు.

గొట్టం రాలేదు గానీ, ఆయన చివరికి బావి తవ్వించాడు. బావికి మోటారు పెట్టాడు. ఊరి కరెంటు లైనులో కూడా మాది చివరి స్తంభమే, వోల్టేజీ చాలక మోటారు కాలింది. దాన్ని బండి మీద వేసుకుని నేను మిర్యాలగూడ వచ్చాను, చుట్టించుకుపోదామని. చుట్టే ఆయన చేతుల వంక చూస్తూ రెండు రోజులు దుకాణంలోనే కూర్చున్నాను. ఆ తర్వాత ఊరికి తిరిగి పోయింది మోటారు మాత్రమే.

ఈ కాలువ పోలిక నాకు ఎంత నచ్చిందంటే, నిన్న రాత్రి పడుకుని కూడా దాన్నే సాగదీస్తున్నాను. అప్పుడు చిట్టి గొంతు వినిపించినట్టయింది. "తాతా, నీళ్లు పొలంలోకి పోతే మళ్లీ సాగర్‌కు తిరిగి రావు కదా. మరి పట్టాలు రెండెందుకు?" లేచి కూర్చున్నాను. నిజమే. కరెంటు ఒక పట్టాలోంచి ఇంజనులోకి వెళ్లి, మోటారు తిప్పి, రెండో పట్టాలోంచి మళ్లీ డబ్బాకు చేరాలి. చేరకపోతే బయలుదేరనే బయలుదేరదు. పోను ముప్పై అతుకులు, రాను ముప్పై. చెంచాడు చొప్పున అరవైచోట్ల పోయిందన్నమాట.

మరి కాలువకు రెండో పట్టా ఏది? ఇక్కడితో నా పోలిక విరిగిందని ఒప్పుకోవచ్చు. కానీ ఒప్పుకోబుద్ధి కాలేదు. మన పొలాల్లో మిగిలిన నీళ్లు వాగుల్లో పడతాయా? పడతాయి. వాగుల నీళ్లు మూసీలోకి. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ సముద్రంలో. సముద్రం మీది మబ్బు ఎక్కడో పడమటి కొండల మీద, మహాబలేశ్వరం వైపు కురిస్తే, అది మళ్లీ కృష్ణ అయి పాలమూరులో అడుగుపెట్టి, జూరాల దాటి, శ్రీశైలం దాటి, సాగర్‌కు. ఉంది కదా రెండో పట్టా! కాకపోతే అది ఆకాశంలోంచి పోతుంది, ఒక చుట్టు తిరగడానికి ఎన్ని నెలలు పడుతుందో. ఇది సైన్సు పరీక్షలో రాయకండి, మీ టీచరు నన్ను తిడతారు. నాకు మాత్రం అర్ధరాత్రి తూములో చెయ్యి పెట్టుకుని కూర్చున్న ఆ పిల్లాడి వేళ్ల సందుల్లోంచి సముద్రం పోయినట్టు అనిపించి, ఇక నిద్ర పట్టలేదు.

అసలు రైలులో కూడా ఈ రానూ పోనూ ఉంటుంది. ఈసారి స్టేషనుకు వచ్చినప్పుడు ప్లాట్‌ఫాం మీదే, గీత వెనకే నిలబడి తల ఎత్తి చూడండి. ఇంజను నెత్తి మీద మడత చేయిలాంటిది పైనున్న తీగను రాసుకుంటూ పోతుంది. ఆ తీగలో 25,000 వోల్టులు. మన 18తో పోల్చి చూసుకోండి. పై నుంచి వచ్చిన కరెంటు చక్రాల్లోంచి పట్టాల్లోకి దిగి తిరుగు ప్రయాణం కడుతుంది. వాళ్ల కాలువ ఎంత పెద్దదైనా, వాళ్లూ దారి పొడవునా మధ్యమధ్యలో సబ్‌స్టేషన్లు కట్టి పిల్లకాలువలు పెట్టుకోక తప్పలేదు.

ఇక సంక్రాంతి పని. జామచెట్టు దగ్గర బండి వెనక్కి నడవడం బుజ్జిగాడికి నచ్చలేదు, వేపచెట్టు చుట్టూ తిరిగి, మళ్లీ అదే లైను మీదికి ముందుకు నడుస్తూ రావాలన్నాడు. మంచి ఆలోచనే. పన్నెండు వంపు పట్టాలు ఇంకో పెట్టె మీ బాబాయి పంపుతానన్నాడు. వేపచెట్టు కింద నేల మట్టం చేయించాను, చీమల పుట్టను మాత్రం కదపలేదు, దాని అవతల నుంచి తిప్పుదాం.

కానీ పట్టాలు వేసే ముందు మీరొక పని చేయాలి. మీ హాల్లో ఒక కుర్చీని వేపచెట్టు అనుకోండి. ఎర్ర ఊలు దారం ఒకటి, పచ్చది ఒకటి తీసుకోండి. ఎర్రది ఎడమ పట్టా, పచ్చది కుడి పట్టా. రెండింటినీ జానెడు దూరంలో పక్కపక్కనే పరుచుకుంటూ కుర్చీ దాకా తీసుకుపోండి, కుర్చీ చుట్టూ తిప్పండి, మళ్లీ వచ్చిన దారిలోనే తెచ్చి కలపండి. తిప్పేటప్పుడు ఒకదాన్ని ఒకటి దాటించకూడదు, పట్టాలు దాటవు కదా. కలిపే చోట ఎర్రదారం కొస ఏ రంగు దారాన్ని తాకిందో చూడండి.

చూశాక, చెప్పకుండా దాచుకోండి. డబ్బాలో ఎర్రలైటు ఎందుకు వెలిగిందో పైన ఒకచోట రాశాను, అది మళ్లీ చదవండి. అప్పుడు ఫోన్ చేయండి. ఈసారి నేను ఏమీ చెప్పను, మీరే నాకు చెప్పాలి. నాయనమ్మ ఫోను ఎత్తితే తిన్నామని, దగ్గు తగ్గిందని ముందే చెప్పేయండి.

మీ తాత