బంతి వెళ్లిపోయాక చేతిని ఆపేదెవరు?

టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. వాళ్ల అబ్బాయికి పద్నాలుగేళ్లు, బేస్‌బాల్‌లో పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు. సీజన్ మొదలైంది. వారానికి రెండు మూడు ఆటలు, మిగతా రోజుల్లో ప్రాక్టీసు. అది చాలదన్నట్టు కోచ్ వారానికి రెండు రోజులు జిమ్‌కి కూడా రమ్మంటున్నాడట. "ఇప్పటికే అలిసిపోయి ఇంటికొస్తున్నాడు, మళ్లీ బరువులెందుకు? పైగా బరువులెత్తితే పిల్లాడు ఎదగడని మా అమ్మకి ఒకటే టెన్షన్" అని అడిగారు.

కోచ్ మాట వినమనే నేనూ చెబుతాను. ఎందుకో తెలియాలంటే ముందు ఒడిసెల గురించి మాట్లాడుకోవాలి.

జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టల్ని తోలేవాళ్లు ఒడిసెల తిప్పడం మీలో కొందరైనా చూసే ఉంటారు. రాయి ఎంత జోరుగా తిరిగితే తాడు మీద లాగుడు అంత పెరుగుతుంది. పిచ్చర్ చెయ్యి కూడా ఒక ఒడిసెలే. మంచె మీద మనిషి చేసే పని ఇక్కడ కాళ్లు, నడుము, వీపు చేస్తాయి. ముంజేయి తాడు, బంతి రాయి. పిచ్చర్ ముందుకాలు నేలకి ఆనించి నడుముని గిర్రున తిప్పుతాడు. ఒళ్లంతా ముందుకి వచ్చేసినా ముంజేయి ఇంకా వెనకే ఉండిపోతుంది. ఆ క్షణంలో వంగి ఉన్న మోచెయ్యి లోపలివైపు విడిపోవాలని చూస్తుంది. దాన్ని విడిపోకుండా పట్టి ఉంచేది అక్కడున్న ఒక చిన్న లిగమెంట్, అంటే ఎముకని ఎముకకి కట్టి ఉంచే పట్టీ.

ఆ లిగమెంట్ మోసే భారం లెక్క వింటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ప్రొఫెషనల్ పిచ్చర్ల మోచేతి మీద పడే మెలి సగటున 64 న్యూటన్-మీటర్లు. మీటరు పొడవున్న కర్రని ఒక చివర పట్టుకుని, రెండో చివర ఆరున్నర కిలోలు వేలాడదీస్తే మణికట్టు మీద పడేంత. మోచెయ్యి లంబకోణంలో ఉన్నప్పుడు అందులో సగానికి కాస్త ఎక్కువ, అంటే సుమారు 35, లిగమెంట్ వాటాకి వస్తుంది. చనిపోయినవారి మోచేతుల మీద పరీక్షలు చేస్తే అది దాదాపు 32 దగ్గరే తెగిపోయింది! మరి ప్రతి బంతికీ ఎందుకు తెగడం లేదు? ముంజేతి లోపలివైపున వేళ్లని మడిచే, మణికట్టుని వంచే కండరాలు ఆ క్షణంలో బిగుసుకుని వాటా పంచుకుంటాయి కాబట్టి. కండరం అలిసిపోతే ఆ వాటా కూడా లిగమెంట్ మీదే పడుతుంది. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి ఆపరేషన్ చేసి కొత్తగా కట్టింది ఈ లిగమెంట్‌నే. ఆ పిచ్చర్ టామీ జాన్ పేరే ఇప్పటికీ ఆ ఆపరేషన్ పేరు.

పిల్లల్లో ఈ మెలి తక్కువే. చిన్న వయసు పిచ్చర్లలో సగటున 28 దాకా ఉంటుంది. హైస్కూల్‌కి వచ్చేసరికి 48. అంటే మన పాఠకురాలి అబ్బాయి సరిగ్గా ఆ ఎత్తు ఎక్కుతున్నాడు. (స్కూల్లో టార్క్, అంటే ఈ మెలి, పాఠానికి తలుపునీ స్పానర్‌నీ చూపించి వదిలేస్తారు. పిల్లల మోచేతినే చూపిస్తే జన్మలో మరిచిపోరు.)

అయితే ఒక్కచోట ఒడిసెలకీ చేతికీ పోలిక కుదరదు. నన్ను బాగా పట్టి ఉంచేది ఆ తేడాయే. ఒడిసెలలో తాడు ఒక కొస వదిలేస్తే రాయి పోతుంది, ఖాళీ తాడు వేలాడుతుంది, పని అయిపోయింది. చేతిని అలా వదిలెయ్యలేం కదా. 145 గ్రాముల బంతి పోయింది, కిలోల బరువున్న చెయ్యి అదే వేగంతో ఇంకా పోతూనే ఉంది. ఆరితేరిన పిచ్చర్ భుజం సెకనుకు దాదాపు 7000 డిగ్రీల వేగంతో తిరుగుతుంది. సెకనంతా అలాగే తిరగనిస్తే పందొమ్మిది చుట్లు తిరిగేదన్నమాట. దాన్ని రెప్పపాటులో ఆపాలి, ఎముకని గూటిలోంచి జారిపోనివ్వకూడదు. అందుకు భుజం దాదాపు మనిషి బరువంత బలంతో వెనక్కి లాగాలి.

ఈ పని భుజం వెనకున్న చిన్న కండరాలది. బావిలోకి బరువైన బిందెని దించేటప్పుడు తాడుని బిగించి పట్టుకుంటూనే జారనిస్తాం. అరచేతులు మండిపోతాయి. ఈ కండరాలూ అంతే, బిగుసుకుంటూనే సాగుతాయి. కండరం పోగులు ఎక్కువగా చిట్లేది ఇలాంటి పనిలోనే. ఆట అయిన మర్నాడు భుజం వెనక నొప్పి అందుకే. సీజన్ పొడుగునా ఇదే.

"రోజూ ఆడుతూనే ఉన్నాడుగా, బలం దానంతట అదే ఉండదా?" అంటారేమో. ఉండదు. తేలిక బంతిని వేగంగా విసరడం వేరు, కండరానికి బరువు మోపడం వేరు. చలికాలం అంతా జిమ్‌లో సంపాదించిన బలం వదిలేస్తే వారాల్లో కరగడం మొదలవుతుంది. అదృష్టం ఏమిటంటే, సంపాదించడానికి పట్టినంత శ్రమ నిలుపుకోవడానికి పట్టదు. 2011లో నార్వే ఫుట్‌బాల్ ఆటగాళ్లని పరీక్షించారు. వారానికి ఒక్కసారి బరువులెత్తినవాళ్లకి కాళ్ల బలం, పరుగు వేగం సీజన్ మొదటి 12 వారాలూ నిలబడ్డాయి. రెండు వారాలకొకసారి చేసినవాళ్లకి తగ్గిపోయాయి. మట్టిల్లు అలికినట్టే, గడువు దాటితే నేల పెచ్చులూడుతుంది. జపాన్‌లో తొమ్మిది నుంచి పదకొండేళ్ల బేస్‌బాల్ పిల్లల చేత ఏడాది పాటు ప్రాక్టీసుకి ముందు సాగదీతలూ బ్యాలెన్స్ కసరత్తులూ చేయిస్తే, భుజం మోచేతి గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. అవి బరువులు కాకపోయినా, సీజన్‌లో ఒంటిని పట్టించుకుంటే ఏమవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక అమ్మమ్మగారి భయం. ఈ నమ్మకం మన ఊళ్లలోనూ ఉంది, అమెరికాలోనూ ఉంది. పక్కన నేర్పేవాళ్లుండి, పద్ధతిగా చేస్తే బరువులు ఎదుగుదలని ఆపవని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2020లో మళ్లీ చెప్పింది. ఎగిరి దూకినప్పుడు కాళ్ల మీద పడే బలం ఒంటి బరువుకి ఎన్నో రెట్లు. పిల్లలు రోజంతా దూకుతూనే ఉంటారు, అయినా ఎదుగుతూనే ఉంటారు. పద్నాలుగేళ్ల పిచ్చర్‌లో నిజంగా భయపడాల్సింది మోచేతి ఎముక కొసనున్న గ్రోత్ ప్లేట్ గురించి, అంటే ఎముక పెరిగే మెత్తటి చోటు గురించి. అది ఇంకా గట్టిపడలేదు. దాన్ని దెబ్బతీసేది లెక్కలేకుండా వేసే పిచ్‌లు, అంటే విసుర్లు. చెయ్యి అలిసిపోయాక కూడా తరచూ పిచ్ చేసే కుర్రాళ్లకి ఆపరేషన్ అవసరం 36 రెట్లు ఎక్కువని అలబామా పరిశోధకులు 2006లో తేల్చారు.

కాబట్టి జిమ్‌లో కూడా అలిసిపోయేదాకా చేయించకూడదు. అరగంట చాలు. స్క్వాట్లు (గుంజీళ్లలాంటివి), వెనక్కి లాగే రోయింగ్, నడుముకి రెండు కసరత్తులు, రబ్బరు బ్యాండ్‌తో భుజం వెనకకి ఒకటి. సెట్లు తక్కువ, ఆఖర్న ఇంకో రెండుసార్లు ఎత్తగలిగే ఓపిక మిగలాలి. సీజన్ మధ్యలో కొత్త కసరత్తు ఏదీ మొదలుపెట్టొద్దు, కొత్తదైతే ఒళ్లు నొప్పులు తప్పవు. ఆటకి ముందురోజు అసలే వద్దు.

అమ్మమ్మగారికి ఒక పని అప్పగించండి. గ్రౌండ్‌కి చిన్న పుస్తకం తీసుకెళ్లి మనవడు వేసే పిచ్‌లు లెక్కపెట్టమనండి. అమెరికా బేస్‌బాల్ సంస్థలైన మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి ఇచ్చిన సూచనల ప్రకారం పద్నాలుగేళ్ల వాడికి రోజుకి 95 దాటకూడదు. 66కి చేరితే, ఆ తర్వాత నాలుగు రోజులు పిచింగ్ లేదు.