లూజ్, లూస్ ఒకటి కాదు: జంట పదాల మీద అపోహలు - వాస్తవాలు

భీమవరంలో స్పోకెన్ ఇంగ్లీషు చెబుతుంటాను. రొయ్యల ఎగుమతి ఆఫీసుల్లో మెయిళ్లు రాసే కుర్రాళ్లు, గల్ఫ్ వెళ్దామనుకునేవాళ్లు ఎక్కువగా వస్తారు. అందరిదీ ఒకటే టెన్షన్: "మాస్టారూ, ఒకేలా వినిపించే ఈ ఇంగ్లీషు జంట పదాలు ఎంత బట్టీ పట్టినా కలిసిపోతున్నాయండి."

అపోహ: సరిగ్గా బట్టీ పట్టకే తప్పులొస్తాయి.

వాస్తవం: చాలా తప్పులు మన చెవిలోనే పుడతాయి. చొక్కా వదులైతే లూజు అంటాం, రొయ్య పెంకుకీ కండకీ మధ్య ఖాళీ వస్తే లూజ్ షెల్ అంటాం. కానీ ఇంగ్లీషువాళ్లు ఆ పదాన్ని లూస్ అంటారు, రాతలో రెండు ఓలు. చివర జ కన్నా పలచగా, తేనెటీగ రొదలా పలికే లూజ్ వేరే మాట, పోగొట్టుకోవడం అని అర్థం, దానికి ఒకటే ఓ. రెండింట్లోనూ దీర్ఘం ఒకలాగే వినిపిస్తుంది కాబట్టి, ఓలు లెక్కపెట్టే ముందు చివరి శబ్దం పట్టుకోండి. ఆర్డర్ పోతుందని రాయాల్సిన మెయిల్లో రెండు ఓలు పడితే కొనేవాడికి మన జాగ్రత్త మీదే అనుమానం వస్తుంది, అందుకే నేను ముందు పలికించి తర్వాతే రాయిస్తాను. అడ్వైస్, అడ్వైజ్ కూడా ఇంతే. సలహాకి సీ, సలహా ఇవ్వడానికి ఎస్, ఆ ఎస్‌ని మాత్రం జ్ అని పలకాలి.

అపోహ: తప్పు రాస్తే కంప్యూటర్ ఎర్ర గీత వేస్తుంది.

వాస్తవం: రెండూ డిక్షనరీలో ఉన్న మాటలే. స్పెల్లింగ్ ఒక్కటే చూసే చెకర్ గీత వెయ్యదు.

అపోహ: అఫెక్ట్ (ప్రభావం చూపడం) ఎప్పుడూ క్రియే, ఎఫెక్ట్ (ప్రభావం) ఎప్పుడూ నామవాచకమే.

వాస్తవం: మామూలుగా అంతే, ధైర్యంగా వాడండి. కాకపోతే మార్పు తీసుకురావడం అనే అర్థంలో ఎఫెక్ట్ క్రియగానూ వస్తుంది, ఎక్కడైనా కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకండి.

అపోహ: కదలకుండా ఉన్నది అనే స్టేషనరీకీ, కాగితాలు, పెన్నులు అనే స్టేషనరీకీ సంబంధమే లేదు.

వాస్తవం: రెండిటి మూలం ఒకటే, నాకు భలే ఇష్టమైన కథ ఇది. మన దగ్గర సంతలు తిరిగి అమ్మేవాళ్లు, బజార్లో కొట్టు పెట్టుకున్నవాళ్లు వేరువేరుగా ఉన్నట్టే, మధ్యయుగాల్లో ఇంగ్లండులో ఊరూరా తిరగకుండా ఒకచోట నిలిచి పుస్తకాలమ్మేవాణ్ణి స్టేషనర్ అన్నారు. కదలకుండా ఉన్నదాన్ని చెప్పే మాటలో ఆర్ ముందు ఏ ఉంటుంది. కాగితాలు, పెన్నుల దానికైతే, స్టేషనర్ చివర ఈ, ఆర్ ఎలాగూ ఉన్నాయి, పక్కన వై తగిలించండి చాలు.